తొమ్మిదో షీటులో కుళాయి

డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో
జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్లో అయితే మూడో నిమిషానికల్లా మనిద్దరికీ పడదనీ, ఉత్తరాల్లో అయితే పోట్లాడుకోవడానికి కనీసం వారం పడుతుందనీ మీ బావ తేల్చి చాలాకాలమైంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి కదా, నిమిషాలు చూసి మరీ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం.

నేను రిటైరై మూడు నెలలు. మొదటి నెల ఇల్లు సర్దాను. రెండో నెల సర్దినదాన్నే మళ్ళీ సర్దాను. మూడో నెల ఆయన పుస్తకాల బీరువా వైపు అడుగు వేశానో లేదో, మీ బావ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు. మొన్న అమ్మాయి వచ్చి తన పాత ట్యాబ్ నా ఒళ్ళో పడేసింది. “అమ్మా, వంటల వీడియోలు చూసుకో, నాన్నని వదిలెయ్” అంది. ముప్పై మూడేళ్ళు నీటి సరఫరా ఆఫీసు పటాల విభాగంలో గీతలు గీసినదాన్ని, కూర్చుని వంటలు చూస్తానా? అదీ ఇదీ నొక్కుతుంటే ఒక మూల బొమ్మలు గీసే యాప్ కనపడింది. దానికో పెన్ను కూడా ఉంది. చేతిలోకి తీసుకున్నాను. ఆ పూట కూర మాడింది.

ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న మీ బావనే మొదట గీశాను. గంటన్నర పట్టింది. అలవాటు ప్రకారం కొలత వేశాను, ఉత్తరం దిక్కు బాణం పెట్టాను, కింద ఏ గుర్తు దేనికో సూచిక రాశాను. నా మటుకు నాకు బాగానే కుదిరిందనిపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి “ఎవరిది?” అన్నాడు.

నీ ఫోనుకి పంపుతున్నాను. నీది అచ్చు దుకాణం, రోజూ వంద బొమ్మలు చూసేవాడివి. నిజం చెప్పు. మరీ నిజం చెప్పకు.

మీ అక్క


అచ్చు మిషను పక్కన, చెవుల్లో దూది పెట్టుకుని
జూన్ 20

అక్కా,

నువ్వు పంపింది బావగారి బొమ్మ అని ముందే చెప్పి మంచిపని చేశావు. మీ మరదలు దాన్ని గిన్నె మూత అంది. దుకాణంలో కటింగు చేసే ఆవిడ చెరువు అంది. చివరికి నేనే కింద సూచిక చదివి అర్థం చేసుకున్నాను. చుక్కల గీత అంటే జుట్టు, ఖాళీ స్థలం అంటే బట్టతల, రెండు చిన్న సున్నాలు మోకాళ్ళు. అక్కా, ఎదురుగా కూర్చున్న మనిషిని నువ్వు పైనుంచి గీశావు! కాకి కూడా మనిషిని అంత నిటారుగా పైనుంచి చూడదు.

కడుపుబ్బ నవ్వాం. నవ్వి నవ్వి మీ మరదలు ఎక్కిళ్ళు తెచ్చుకుంది. కానీ ఒక మాట. ఆ చుక్కలు ఒక్కోటీ ఎంత దూరంలో పెట్టావో చూశాను. ఇక్కడ డబ్బు పుచ్చుకుని బొమ్మలు గీసే వాళ్ళకి అంత చెయ్యి లేదు.

నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా లెక్కల పుస్తకం చివరి పేజీలో మా మాస్టారి బొమ్మ గీసింది నువ్వే. ముక్కు, మీసం, ముక్కుపొడుం డబ్బీతో సహా. ఆయన చూసి వెంటనే తనే అని గుర్తుపట్టాడు, అంత బాగా వచ్చింది. ఎవరు గీశారంటే నేను చెప్పలేదు. పీరియడు అయ్యేదాకా నాతో గోడకుర్చీ వేయించాడు. ఆ మాస్టారి మీద కసి తీర్చుకోవడానికే ఇంట్లోవాళ్ళు నిన్ను ఇంకో లెక్కల మాస్టారికి ఇచ్చి చేశారని నా నమ్మకం.

అంటే ఎదురుగా చూసి గీయడం నీకు వచ్చు. ముప్పై మూడేళ్ళు ఊరిని పైనుంచి చూసి చూసి మర్చిపోయావు. కిందికి దిగు. నేల మీద కూర్చుని, కంటికి ఎదురుగా ఉన్నది గియ్యి.

నీ తమ్ముడు


వంటగది, పొయ్యికి దూరంగా
జూలై 28

ఒరేయ్ తమ్ముడూ,

నేల మీద కూర్చోమన్నావు, కూర్చున్నాను. లేవడానికి మీ బావ చెయ్యి అందించాల్సి వచ్చింది. ఆయన నన్ను లేపబోయి తనూ కూర్చున్నాడు. ఇద్దరం ఎలా లేచామన్నది నీకు అనవసరం.

నెల రోజులు గీశాను. చెంబు, చెప్పులు, బాల్కనీలో ఆరేసిన చొక్కాలు, మీ బావ ఎడమ చెవి. కుడి చెవి గీసే సమయానికి ఆయన నిద్రపోయి ఆ వైపు ఒరిగిపోతాడు. బొమ్మకోసం కదలకుండా కూర్చోమంటే, నలభై ఏళ్ళు పిల్లల్ని కదలకుండా కూర్చోపెట్టిన మనిషి, రెండు నిమిషాలు కుదురుగా ఉండడు.

ఇందులో లేయర్లని ఉన్నాయిరా. అమ్మాయి నేర్పబోతే నేనే దానికి చెప్పాను. మేం ఆఫీసులో చేసింది అదే కదా! రోడ్ల పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి పైపులు గీసేవాళ్ళం, దాని మీద ఇంకో కాగితం పరిచి కుళాయిలు. ఏది కావాలంటే అది పైన పరుచుకోవడం, అక్కర్లేదంటే తీసి పక్కన పెట్టడం. కానీ మాకు లేనిదొకటి ఇందులో ఉంది. రెండు వేళ్ళతో ఒకసారి తడితే చేసిన తప్పు వెనక్కి పోతుంది! అక్కడ ఇంకు గీత తప్పితే బ్లేడుతో గోకాలి. రెండుసార్లు గోకితే కాగితం చిరుగుతుంది, షీటంతా మళ్ళీ మొదటికి. అందుకే మాకు చెయ్యి ఎప్పుడూ బిగుసుకునే ఉండేది. ఇప్పుడు ఈ తట్టే సుఖం ఎంత మరిగానంటే, మొన్న పాలు పొంగుతుంటే పొయ్యి గట్టు మీద రెండు వేళ్ళతో తట్టాను. పాలు వినలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పెద్ద బొమ్మ గీశాను. ఒక సందు. ఏ సందని అడగకు, ఏదో ఒకటి. దర్జీ దుకాణాలు, గోడవార ఒక కుళాయి, దాని చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. పైనుంచి కాదు, అక్కడ నిలబడి చూస్తున్నట్టే గీశాను. గీస్తున్నంతసేపూ నాకు ఆకలి తెలియలేదు, మోకాళ్ళ నొప్పి తెలియలేదు. ఇరవై ఏళ్ళప్పుడు రావలసిన సంతోషం అరవైలో వచ్చి కూర్చుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నీకు కాక ఎవరికి చెప్పను.

లేయర్లన్నీ ఉన్న ఫైలే పంపుతున్నాను. కుళాయి ఒక్కదాన్నీ విడిగా ఒక లేయరులో పెట్టాను, అది నా అలవాటు. నువ్వు చూడు, మరదలికి చూపించు. ఇంకెవరికీ వద్దు. నీ దుకాణం గోడకు కూడా వద్దు.

మీ అక్క


దుకాణం, షట్టరు సగం దించి
ఆగస్టు 11

అక్కా,

నీ బొమ్మ వచ్చిన రోజు మిషను ఆపేశాను. మిషను ఆగిపోయిందనుకుని కటింగు ఆవిడ టీకి వెళ్ళిపోయింది. నేను మాత్రం దాన్ని పెద్ద తెర మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

ఏడిపించడానికి ఏం దొరుకుతుందా అని వెతికాను. దొరకలేదు. ఎంత అవమానం! ముందున్న ఆవిడ, నీలం చీర, చంకలో ఒక బిందె, చేతిలో ఇంకోటి, నా వైపే చూస్తోంది. ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టుంది. ఎవరక్కా ఆవిడ? నాకు తెలిసిన మనిషిలా ఉంది, తెలియదు. కళ్ళు చెమర్చాయని చెబితే నువ్వు నవ్వుతావు కాబట్టి, రంగుల వాసన పడక అని చెబుతున్నాను.

ఎవరికీ చూపించొద్దన్నావు. సరే.

ఊరికే అడుగుతున్నాను, మీ పాత ఆఫీసు అదే చిరునామాలో ఉందా? కొత్త బిల్డింగు కట్టారని పేపర్లో చూశాను.

నీ తమ్ముడు


హాల్లో, నిలబడే రాస్తున్నాను
సెప్టెంబరు 3

తమ్ముడూ,

ఇవాళ పొద్దున ఆఫీసు నుంచి ఫోను. కొత్త బిల్డింగులో జనం ఫిర్యాదులు ఇచ్చే హాలుంది, దాని గోడకి నా బొమ్మ ఎంపికైందట. పెద్ద ఇంజనీరు స్వయంగా మాట్లాడి “మన మాజీ ఉద్యోగి గీసిన బొమ్మ, అందులోనూ మన కుళాయి, ఇంతకంటే ఏం కావాలి” అన్నాడు. ఫోను పెట్టేసి నేరుగా ఈ కాగితం తీశాను.

నేను పంపలేదు. ఇంకెవరు పంపారో నీకు తెలుసు, నాకూ తెలుసు.

అచ్చు నువ్వే వేసిస్తానన్నావట కూడా! సరే, వెయ్యి. కానీ వేసే ముందు ఆ కుళాయి లేయరు తీసెయ్యి. కారణం అడగకు.

అక్క


అచ్చు మిషను వెనక, దాక్కుని
సెప్టెంబరు 10

అక్కా,

తప్పు నాదే. ఆఫీసువాళ్ళు తమ దగ్గర పనిచేసినవాళ్ళ బొమ్మలు పంపమని పేపర్లో వేశారు. నిన్ను అడిగితే వద్దంటావు. అడగకపోతే తిడతావు. తిట్లైతే నాకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా అని పంపేశాను. కావాలంటే ఫోను చెయ్యి, మూడు నిమిషాలూ నువ్వే మాట్లాడు, నేను వింటాను.

కుళాయి తీసి చిన్నసైజులో ఒకటి వేసి చూశాను. గోడకు ఆనించి పెట్టాను. పెళ్ళి కార్డులకని వచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని చూసి “వీళ్ళంతా బస్సు కోసమా?” అన్నాడు. ఇంకో ఆవిడ “పాపం, ఎంతసేపట్నించి నిలబడ్డారో” అంది. అదీ సంగతి. ఏడుగురు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని ఒట్టి గోడ వంక చూస్తున్నారు. నీలం చీర ఆవిడ అయితే నన్ను నిలదీస్తున్నట్టే ఉంది. భోజనం చేస్తున్నా వదలడం లేదు, మీ మరదలు దాని మీద గుడ్డ కప్పింది.

కుళాయి లేకపోతే ఈ బొమ్మ లేదక్కా. కారణం అడగొద్దన్నావు కాబట్టి అడగను. కానీ చెప్పేదాకా అచ్చు వెయ్యను.

నీ తమ్ముడు


బెడ్రూము, తలుపు గడియ పెట్టుకుని
సెప్టెంబరు 19

తమ్ముడూ,

చెబుతాను. చదివాక ఈ కాగితం చించెయ్యి. మీ బావకి కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. నాకు మొదటిసారి ఊరి పటంలో ఒక షీటు మొత్తం అప్పగించారు, తొమ్మిదో షీటు. కొలతలు సరిచూసుకోవడానికి టేపు పట్టుకుని దర్జీల సందుకు వెళ్ళాను. అక్కడ నీలం చీర కట్టుకున్న ఒకావిడ, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో, రెండు సందుల అవతలి నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. చంకలో ఒకటి, చేతిలో ఒకటి. నా టేపు చూసి ఆగింది. “నీళ్ళ ఆఫీసు దానివేనా? మా గోడ దగ్గర ఒక కుళాయి రాసుకోకూడదూ?” అంది. “రాసుకుంటానండీ” అన్నాను. నా చేతిలో ఏముందని అన్నానో! మర్యాదకి అన్నాను.

తిరిగొచ్చి మా సెక్షను ఆఫీసరుకి చెప్పాను. “కొత్త కుళాయి అంటే పదకొండు సంతకాలు, నువ్వు గీతలు గియ్యమ్మా చాలు” అన్నాడు. గీతలే గీశాను. రోడ్లు అయ్యాయి, పైపులు అయ్యాయి, కుళాయిల కాగితం పరిచాను. ఆ గోడ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగలేదు. చిన్న సున్నా, దానికో తోక, పక్కన నంబరు. నూట పదిహేడు. ఇంకు ఆరకముందే భయమేసింది. బ్లేడు తీశాను కూడా. అప్పటికే ఆ చోట ఒకసారి గోకి ఉంది, రెండోసారి గోకితే చిరుగుతుంది. వదిలేశాను. షీటు పైకి వెళ్ళింది, సంతకాలు పడ్డాయి. అంతే.

నవ్వకు, అసలు కథ ఇప్పుడుంది. మా పైపుల మేస్త్రీ ఉన్నాడు కదా, గునపం మేస్త్రీ అంటాం. ఎప్పుడు చూసినా చేతిలో గునపమే. పటంలో కుళాయి ఉంది, సందులో లేదు. ఎవరో పైన ఊడబీకేశారు, కింద పైపు మిగిలి నీళ్ళు భూమిలోకి పోతున్నాయని అతని అనుమానం. తవ్వాడు, దొరకలేదు. నా దగ్గరికొచ్చి “మేడంగారూ, నూట పదిహేడు ఎక్కడ సరిగ్గా?” అన్నాడు. నేను స్కేలు తీసి కొలిచి “గోడకు మూడడుగులు” అన్నాను. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ తవ్వాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మూడడుగులే చెప్పాను. మూడోసారి తవ్వేటప్పుడు కూలీలు పటం తప్పేమో అంటే “ఆవిడ గీసిన గీత తప్పదు, మనమే సరిగ్గా తవ్వడం లేదు” అన్నాడట. అది విన్న రోజు నేను అన్నం తినలేదు.

నా వీడ్కోలు సభలో ఏమన్నారో నీకు గుర్తుందా? ముప్పై మూడేళ్ళలో ఒక్క గీత తప్పు లేదని ప్రశంసాపత్రం ఇచ్చారు. మీ బావ దాన్ని ఫ్రేము కట్టించి ఫ్రిజ్ పైన తగిలించాడు. మంచినీళ్ళు తాగాలన్నా దాని మొహం చూడాలి. ఇప్పుడు ఆ కుళాయి బొమ్మ ఆఫీసు గోడ మీద అంత పెద్దగా పెడితే, మేస్త్రీ రోజూ దాని ముందునుంచే నడుస్తాడు. ఆ గోడ, ఆ దర్జీ దుకాణాలు చూసి పోల్చుకోవడం అతనికి క్షణం పని. నాకున్నది ఆ పేరొక్కటే రా. అది పోతే ముప్పై మూడేళ్ళూ పోయినట్టే.

అందుకే తీసెయ్యమన్నాను.

నువ్వు అడిగే లోపే చెబుతున్నాను. ఒక్కటే. ఇంకెక్కడా ఏమీ గీయలేదు. నన్నేమనుకున్నావు?

అక్క


దుకాణం, సెలవు పెట్టిన మిషను మీద కూర్చుని
సెప్టెంబరు 27

అక్కా,

ఉత్తరం చించలేదు. చదివి మొదట ఎంత నవ్వానంటే కటింగు ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు చూసి మళ్ళీ నవ్వొచ్చింది.

తర్వాత నవ్వు పోయింది. ఆ ముప్పై మూడేళ్ళలో పైనుంచి కాక ఎదురుగా నిలబడి నువ్వు చూసిన మనిషి ఒక్కరే అన్నమాట, ఆవిడ. ఆవిడని నువ్వు మర్చిపోలేదు. అరవై ఏళ్ళకి చేతికి పెన్ను దొరకగానే ఆవిడనే గీశావు. అది తప్పంటే నేనొప్పుకోను. మూడు గుంతలు మాత్రం తప్పే.

రెండు అచ్చులూ వేయగలను, కుళాయితో ఒకటి, లేకుండా ఒకటి. ఏది వేయాలో చెప్పాల్సింది నేను కాదు, నువ్వూ కాదు. వెళ్ళి మేస్త్రీని అడుగు. నాలుగు నెలల్లో అతనూ రిటైరవుతాడన్నావు ఒకసారి. ఆ మనిషి తన చేతకానితనం అనుకుంటూ ఇంటికి వెళ్ళిపోతే నీకు ఇక ఏ బొమ్మా రాదు. నిన్ను బెదిరించడం లేదు, నిన్నెరుగుదును కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు నీ బొమ్మకి నేను గోడకుర్చీ వేశాను. ఈసారి నీ వంతు.

నీ తమ్ముడు


ఆఫీసు ఎదుటి టీ దుకాణం బల్ల మీంచి
అక్టోబరు 14

ఒరేయ్ తమ్ముడూ,

వెళ్ళాను. ఇప్పుడే బయటికొచ్చాను, ఈ బల్ల ఊగుతోంది, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

మేస్త్రీ స్టోరు గదిలో పైపు ముక్కలు లెక్క చూసుకుంటున్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. ట్యాబ్ తెరిచి బొమ్మ చూపించాను. చూశాడు. వేలితో బొమ్మలోని గోడ మీద ఎక్కడో కొలుచుకున్నట్టు అనిపించింది.

“దర్జీల సందు” అన్నాడు.

“అవునండీ.”

“నూట పదిహేడు.”

“అవునండీ. అది ఎప్పుడూ లేదు మేస్త్రీగారూ. నేనే గీశాను.”

మొత్తం చెప్పాను. నీలం చీర, రాసుకుంటానన్న మాట, బ్లేడు, మూడడుగులు, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అతను పైపు ముక్క మీద కూర్చుండిపోయాడు.

“మూడు గుంతలు మేడంగారూ” అన్నాడు. “రెండోదాంట్లో నా చెప్పు పోయింది. మూడోదానికి ఆ వీధివాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. మా ఆవిడ నన్ను ఇప్పటికీ నూట పదిహేడు అని పిలుస్తుంది.”

“క్షమించండి” అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆ స్టోరు గదిలో, ఈ వయసులో, పైపుల మధ్య నిలబడి ఏడ్చాను. “పెద్ద ఇంజనీరుగారికి కూడా ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను” అని తలుపు వైపు తిరిగాను.

“ఆగండాగండి!” అని లేచాడు. “కొంప ముంచుతారా ఏంటి? కూర్చోండి ముందు.”

కూర్చున్నాను. అతను బీరువాలోంచి తొమ్మిదో షీటు నకలు తీసి బల్ల మీద పరిచాడు. నా గీతలేరా! నా చేతి నంబర్లు. ఆ చిన్న సున్నా మీద అతను వేలు పెట్టాడు.

“ఆ సందులో ఇప్పటికీ కుళాయి లేదు. మూడుసార్లు అర్జీలు పెట్టుకున్నారు, కొత్త కుళాయంటే పదకొండు సంతకాలు, ఎనిమిదో సంతకం దగ్గర ఆగిపోతుంది. కానీ ఉన్న కుళాయి పాడైతే? బాగుచేయడానికి నా సంతకం ఒక్కటి చాలు. ఇది పటంలో ఉందా?”

“ఉంది.”

“నంబరుందా?”

“ఉంది.”

“పటంలో ఉంటే ఉన్నట్టే. కనపడకపోవడం మరమ్మతు కిందికే వస్తుంది.” అలా అని నా మొహంలోకి చూశాడు. “మీరు ఇంజనీరుగారికి నిజం చెప్పుకుంటే మీ మనసు తేలికపడుద్ది, కుళాయి పోద్ది. చెప్పకపోతే కుళాయి వస్తుంది, మీ మనసు బరువు మీది. ఆలోచించుకోండి.”

ఆలోచించాల్సిందేముంది. నోరు మూసుకున్నాను. ఇంటికెళ్ళి ఆ ప్రశంసాపత్రం మాత్రం దింపించాలి, దాన్ని చూస్తూ నీళ్ళు తాగడం నా వల్ల కాదు.

అతనికి ఒక షరతు ఉంది. బొమ్మలో తను కూడా ఉండాలట, గునపంతో. మూడు గుంతలూ ఉండాలట. రేపటినుంచి ఆ పనిలో ఉంటాను. కుళాయి లేయరు పెట్టే వెయ్యి.

అక్క


దుకాణం, చేతులకి రంగులతో
అక్టోబరు 30

అక్కా,

మేస్త్రీ ఉన్న బొమ్మ అందింది. మీసం చూసి మీ మరదలు “ఈయన భలే ఉన్నాడే” అంది, రెండుసార్లు అంది. మూడో గుంత పక్కన ఒంటి చెప్పు కూడా గీశావే! అది చూసి మిషను మీద పడి నవ్వాను.

అచ్చు అయిపోయింది. తెర మీద మెరిసే రంగు కాగితం మీద అంత మెరవదు, అందుకని ఆ నీలం చీర కోసం నాలుగుసార్లు రంగు మార్చి వేశాను. ఐదోది నాకు నచ్చింది. పొడుగు గొట్టంలో చుట్టి బస్సులో నేనే తీసుకొస్తాను. కండక్టరు పైపు అనుకుంటే అనుకోనీ, మీ ఇంటికి వచ్చే పైపే కదా.

గోడకి తగిలించి ఆ రాత్రికే తిరిగి వచ్చేస్తాను, దుకాణం వదిలి ఉండలేను. బావగారికి చెప్పు, ప్రశంసాపత్రం దింపొద్దని. నువ్వు తొందరపడుతున్నావు.

నీ తమ్ముడు


దర్జీల సందు, ఒక ఇంటి మెట్టు మీంచి
నవంబరు 21

ఒరేయ్ తమ్ముడూ,

బొమ్మ తగిలించిన రోజు నువ్వున్నావు కాబట్టి ఆ సంగతి రాయను. పెద్ద ఇంజనీరు మైకులో మళ్ళీ “ఒక్క గీత తప్పు లేదు” అన్నప్పుడు మేస్త్రీ దగ్గాడు చూడు, అది దగ్గు కాదు. నువ్వు బస్సు ఎక్కేశాక ఇంకా చాలా జరిగింది.

ఇవాళ పొద్దున మేస్త్రీ నాలుగో గుంత తవ్వాడు. గోడకు సరిగ్గా మూడడుగులు, టేపు నేనే పట్టాను. మీ బావ కూడా వచ్చాడు, మూడడుగులంటే ఎన్ని సెంటీమీటర్లో అందరికీ చెప్పాడు. ఆయనకి అంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. బొమ్మలు గీసే పెన్నేదో నీకు అప్పట్లోనే కొనిపెట్టాల్సింది అన్నాడు.

మధ్యాహ్నానికి పైపు కలిపారు. మేస్త్రీ కుళాయి బిగించి నన్ను తిప్పమన్నాడు. ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు, తర్వాత మంచి నీళ్ళు. సందులో ఉన్న బిందెలన్నీ వచ్చేశాయి, నేను గీసినవాటికంటే ఎక్కువే. నిలబడి చూస్తుంటే నా బొమ్మలోకి నేనే నడిచి వచ్చినట్టుంది. ఎంత సంతోషమో నాకు రాయడం చేతకావడం లేదు.

ఇంతలో ఎదురింటి మెట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్నే చూస్తోంది. చీర నీలం కాదు, జుట్టు తెల్లబడింది. అయినా ఆ చూపు నేను చెరిపి చెరిపి గీసినది, పోల్చుకోనా? దగ్గరికి వెళ్ళాను. నేనెవరో చెప్పబోయాను.

“టేపు పిల్లవి కదూ” అంది. “రాసుకుంటానని వెళ్ళావు, ఇంతసేపా?”

క్షమించమని అడగడానికి వంగాను. ఆవిడ “ముందు ఆ బిందె లోపల పెట్టు” అంది. పెట్టాను. ఇప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ట్యాబ్ కూడా తెచ్చాను. ఆవిడని మళ్ళీ గీయాలి, ఈసారి ఉన్నదున్నట్టు.

నువ్వు చెప్పినట్టే ప్రశంసాపత్రం దింపలేదు. ఇవాళ్టితో తొమ్మిదో షీటులో ఒక్క తప్పూ లేదు.

ఇంకొక్క మాట, ఇది చదివాక నిజంగానే చించెయ్యి. పద్నాలుగో షీటులో నీళ్ళ పంపు పక్కన ఒక బెంచీ ఉంది, పటంలో మాత్రమే. అక్కడికి నడిచొచ్చే ముసలాయన ఒకడు కాళ్ళు నొప్పులని చాలాసార్లు అన్నాడు, పాపం. మేస్త్రీకి ఇంకా రెండు నెలల సర్వీసు ఉంది. అతనికి ఎలా చెప్పాలో ఆలోచించి రాయి.

మీ అక్క